మూడో ప్రశ్న మీద రేణుక దండయాత్ర

సకల జనుల సమ్మెతో బడులు మూతపడి, బస్సులు డిపోలలో సుఖశయనము చేయుచు, రహదారులు వంటావార్పు పొగలతో పునీతములైన రెండువేల పదకొండవ సంవత్సర శరత్కాలమున, మానుకోట పురవరమందు, తొమ్మిదో తరగతి విద్యార్థినీ శిరోమణి, జడద్వయభూషిత, రేణుక అను వీరాంగన ఒక కాగితమును చేతబూని సమరమునకు బయలుదేరెను.

సమ్మెకు ముందు సోమనర్సయ్య సారు ‘మన ఊరికి వలస వచ్చినవారు, వారు చేసిన మేలు’ అని ప్రాజెక్టు ఇచ్చి, పది ప్రశ్నల కాగితము పంచెను. ఒక్క గీత ఖాళీగా ఉన్నను బడి తెరిచాక తీసుకోననెను. రేణుక ఎంచుకున్నది పాత్రలకు కళాయి పూసే ఖలీల్ తాతను. తొమ్మిదింటికి జవాబిచ్చిన ఆ వృద్ధయోధుడు, ‘మీ సొంతూరు ఏది?’ అను మూడో ప్రశ్న కడ మాత్రము మూడు దినములుగా కోట తలుపులు బిగించి కూర్చుండెను.

నాలుగవ నాడు తాత సంధికి దిగెను. మరునాటి వంటావార్పుకు వంట వండు పెద్ద రాగి డేగిసాకు కళాయి పూయవలెనట, కొలిమికి గాలి కొట్టే చక్రము తిప్పు మనిషి రాలేదట. పని అయ్యేదాక తిప్పితే జవాబు చెప్పునట.

“చేతులు పడిపోయినా మంచిదే తాతా, గీ గీత నింపకుంట ఇంటికి పోను” అని ప్రతిజ్ఞ చేసి, చున్నీ నడుమున బిగించి, చక్రదండమును గ్రహించి, తాత కాలిన రాగిపై చల్లిన నవాసారపు పొడి శ్వేతధూమము నేత్రద్వయమును ముట్టడించినను, తుమ్ములు అక్షౌహిణులుగా దండెత్తినను, భుజములు మొరపెట్టుకొన్నను లెక్కచేయక, ఆ బాలిక కరకరమని తిప్పుచునే ఉండెను. తాత తగరపు కడ్డీ తాకించి దూదితో రుద్దగా డేగిసా లోపలంతా తెల్లగా మెరిసెను.

అప్పుడు తాత మెల్లగా నోరు విప్పెను.

“మా నాయిన పక్క రాష్ట్రం పర్భణి దిక్కుకెల్లి గీ సామానంత భుజానేసుకొని నడిసొచ్చిండు బిడ్డా. బయటోళ్లు పోవాలె అంటున్నరు గద ఇప్పుడు. నువ్వు గిది రాస్తే నన్ను గూడ పొమ్మంటరేమో.”

మూడు దినములుగా తాను మొండితనమనుకొన్నది భయమని రేణుకకు తెలిసెను. వీరాంగనకు సిగ్గువేసెను. ఆమె కలము మూసివేసెను.

“వద్దులే తాతా. ఖాళీగనే ఇస్త. సారు తీసుకోకుంటే తీసుకోకపాయె.”

తాత ఆమె బొబ్బలెక్కిన అరచేతులను చూచెను, డేగిసాను చూచెను.

“రేపు ఊరంత గిండ్ల వండిందే తింటది. రాయి బిడ్డా. నాయిన వచ్చిండని రాయి. నేను మానుకోటలనే పుట్టిన, నాది గీ ఊరే అని గూడ రాయి. రెండూ రాయాలె.”

అచ్చులో ఇచ్చిన గీత రెండంగుళములే. తాత చెప్పినది అందులో పట్టదు. అయినను వెనుదీయక, బొబ్బల చేతితో అక్షరసైన్యమును నడిపించి, కాగితపు అంచునున్న ఎర్రగీతను అతిక్రమించి, రేణుక రెండు మాటలూ పూర్తిగా రాసెను. ఇట్లు మానుకోట మహాసంగ్రామమున రెండంగుళముల గీత నిండి, అంచున మరొక అంగుళము తెల్లకాగితము ఖలీల్ తాత వశమయ్యెను.