దంతార్థ డిపాజిట్ విమోచనము

త్రైమాసికాంత దినమున, మధ్యాహ్న భోజనానంతర నిద్రాదేవి సమస్తోద్యోగుల కనురెప్పలపై కొలువుదీరియున్న వేళ, పంకాపవన ప్రకంపిత పత్రములతోను, రబ్బరుస్టాంపుల దబదబ ధ్వానములతోను, పారిపోకుండ దారముతో కట్టివేయబడిన కలములతోను విలసిల్లు ఒకానొక బ్యాంకు శాఖ గుమ్మమున, ఎడమచేత గొడుగును కుడిచేత డిపాజిట్ రసీదును ధరించి, ముప్పది నాలుగేండ్లు కళాశాలలో గంట కొట్టి రిటైరైన ఘంటాదండ ప్రచండుడు, ఎందరో లెక్చరర్ల నోళ్ళను ఒక్క దెబ్బతో మూయించిన మహాబలుడు, బెల్లు బాబాయి అను బిరుదాంకితుడు ప్రవేశించెను. గోడ గడియారము మూడుంబావు చూపుచుండెను.

ఆ వీరుని సమరకారణ మెట్టిదనిన, ఆయన ధర్మపత్ని నోట రెండేండ్లుగా ఒక్క పన్నును లేదు. పళ్ళ డాక్టరు కొలతలు తీసి, కట్టుడుపళ్ళ సెట్టు ఖరీదు చీటీపై వ్రాసియిచ్చెను. అందుకు సరిపడు ధనము వారికి లేకపోలేదు. కాని అది కాలపరిమితి డిపాజిట్ అను దుర్గమున బందీయై యుండెను. గడువు తీరిన నాడు సాయంత్రము నాలుగు గంటలలోగా స్వయముగ వచ్చి, నా సొమ్ము నాకిమ్మని వ్రాసి సంతకము చేయనిచో, ఆ కోటతలుపులు వాటంతటవే మూసికొని మరియొక యేడాది తెరువబడవు. మొండికేసి నడుమ తెరిపించినచో వడ్డీకి కోత పడును. వడ్డీ తెగినచో డాక్టరు లెక్క ప్రకారము పైవరుస పళ్ళు మాత్రమే వచ్చును. ఆ గడువు ఆనాడే.

ఇంతకుమున్ను రెండుమార్లు ఇదే దినమున ఇదే రణరంగమునకు వచ్చి, ఇదే వీరుడు చిత్తుగా ఓడిపోయెను. మొదటిసారి పళ్ళకు బదులు గోడ క్యాలెండరుతోను, రెండవసారి డైరీతోను ఇల్లు చేరెను. అందుచేత ఆ ఉదయము ఇల్లాలు గుమ్మములో నిలిచి యుద్ధధర్మములను ఇట్లుపదేశించెను:

"ఈసారి కూడా ఏదో ఒకటి చంకన పెట్టుకొచ్చారంటే దాన్నే నమిలి తింటాను. అదీ పళ్ళుంటేగా! వెళ్ళండి, సంతకం పెట్టేసి రండి. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకండి, మీ కాళ్ళకి దండం పెడతాను."

ఆ కుర్చీ యేదనగా, మేనేజరుగారి గదిలోని కుషను కుర్చీ. ముప్పది నాలుగేండ్లు తరగతి గది బయట మూడుకాళ్ళ స్టూలుపై కూర్చున్న మనిషికి ఎదురేగి, గాజుతలుపు స్వయముగా తెరచి, "రండి సార్, కూర్చోండి సార్" అనినచో ఏమగును? ఆయనను జీవితములో సార్ అని పిలిచిన ప్రాణి ఇంకొకటి లేదు. మీరు నవ్వుచున్నారు. మీరెన్నడును స్టూలుపై కూర్చొనలేదు కాబోలు.

బాబాయి గదివైపు చూడకుండ, నేలపై పలకలు లెక్కించుకొనుచు కౌంటరు ముందరి వరుసలో నిలిచెను. ముందు ముగ్గురే యుండిరి. ఇంతలో డిపాజిట్ సంగ్రహణ ధురంధరుడు, మర్యాదాస్త్ర ప్రయోగ కోవిదుడు, పైఆఫీసు పెట్టిన లక్ష్యమునకు ఆనాడొక్క డిపాజిట్ దూరములో అల్లాడుచున్న మేనేజరు, గాజుతలుపు గుండ ఆ బట్టతలను గుర్తుపట్టి ఒక్క దూకున వెలికివచ్చెను.

"అయ్యో సార్! మీరు లైన్లో నిలబడటమేంటి సార్? రండి రండి. టీ చెప్పాను. పంచదార తక్కువేగా?"

ఏడాది క్రిందటి పంచదార గుర్తుంచుకొన్న శత్రువుపై ఎవడు కత్తి దూయగలడు? భార్య మాటలు చెవిలో గింగురుమనుచుండగనే బాబాయి కాళ్ళు గదిలోనికి నడిచెను. నడుము వంగెను. కుషను బుస్సుమని నిట్టూర్చెను. వీరుడు కూర్చుండెను.

అంతట మేనేజరు గొంతు సవరించుకొని మహోపన్యాసము నారంభించెను.

"మీ సొమ్ము ఇక్కడ నిద్రపోతోందనుకుంటున్నారా సార్? పనిచేస్తోంది! పొదుపు ఖాతాలో డబ్బుంటే ఎవరు ఎప్పుడొచ్చి అడుగుతారోనని మాకు గుండెల్లో దడ. మీ డిపాజిట్ అలా కాదు. గడువుదాకా కదలదని ధీమా. ఆ ధీమాతోనే ఎదురు లాండ్రీ ఆయనకి అప్పిచ్చాం. ఆయన మిషన్ కొన్నాడు. మిషన్ అమ్మినాయన ఆ డబ్బు తెచ్చి మళ్ళీ మన దగ్గరే వేశాడు. అంతా మీ చలవే సార్!"

తన చలవతో ఒక వీధి చొక్కాలన్నియు ఇస్త్రీ అగుచున్నవని వినగానే బాబాయి ఛాతీ రెండంగుళములు ఉబ్బెను. టీ వచ్చెను. పంచదార తక్కువే. దానివెంట అన్ని గడులలో ముందే టిక్కులు పెట్టిన కొత్త డిపాజిట్ ఫారమును, దారములేని బంగారుమూత కలమును వచ్చెను. మూడు నలుబది అయ్యెను. కలము ఆయన చేతిలోనికి చేరి, కాగితమునకు వెంట్రుకవాసి ఎత్తున నిలిచియుండెను. పై పళ్ళు, క్రింది పళ్ళు, రెండు వరుసలును ఆ వెంట్రుకవాసిలో వ్రేలాడుచుండెను.

ఆ క్షణమున మేనేజరు విజయోన్మాదముతో నోరుజారెను.

"అసలు మీరిప్పుడు దీన్ని పొదుపు ఖాతాలోకి మార్చేస్తే దేశంలో ఉన్న మొత్తం ద్రవ్యమే తగ్గిపోతుంది సార్!"

బాబాయి కనుబొమ ఎగసెను. కలము బల్లపై పడెను. ఏలయనగా ఆ స్టూలు అర్థశాస్త్ర తరగతి గది గుమ్మమునకు ఎదురుగనే యుండెడిది. లోపలి లెక్చరరు పసుపురంగుకు తిరిగిన అవే కాగితములు పట్టుకొని, ఏటేట అదే నెలలో అదే పాఠము, ముప్పది నాలుగు మార్లు చెప్పెను. ఆ పాఠము పిల్లలకు రాలేదు గాని, గుమ్మము బయటి మనిషికి దగ్గుతో సహా కంఠస్థమయ్యెను.

"తప్పు సార్," అనెను బాబాయి. కాని పాఠము కూర్చుండి చెప్పునది కాదు గదా. ఆయన కుషను కుర్చీ నుండి లేచెను! లేచి, లాల్చీ సవరించుకొని, గాజుగది అద్దములు అదరునట్లు గర్జించెను:

"ద్రవ్యము రెండు విధములు! ప్రజల చేతిలోని నోట్లు, నాణెములు, అడిగిన తక్షణమే ఇయ్యవలసిన డిపాజిట్లు, ఇవి కలిసి సంకుచిత ద్రవ్యము. దానికి గడువు తీరువరకు కదలని కాలపరిమితి డిపాజిట్లను చేర్చినచో విస్తృత ద్రవ్యము. ఖళ్ ఖళ్! వెనక బెంచీ, మాటలాపుము! గడువు తీరిన సొమ్ము పొదుపు ఖాతాలోనికి మారినచో సంకుచిత ద్రవ్యము పెరుగును. విస్తృత ద్రవ్యము పెరగదు, తరగదు. ఈ జేబులోనిది ఆ జేబులోనికి మార్చిన చొక్కా బరువు మారునా?"

కౌంటరులోని అమ్మాయి, ఆ కళాశాలలోనే చదివి ఆ పాఠములోనే తప్పినది, వెనక బెంచీ అన్నమాట వినగానే ఉలిక్కిపడి నిటారుగా కూర్చుండెను.

"బాబాయ్ చెప్పింది కరెక్టే సార్," అనెనామె. "ఈ ప్రశ్నకే నాకు మార్కులు పోయాయి."

"మరి తగ్గిపోతుందంటారేంటి సార్?" అని బాబాయి మెత్తగా అడిగెను. కోపము లేదు, తెలిసిన పాఠము ఎవరో తప్పు చెప్పినందుకు బాధ మాత్రమే. "నాకు మా ఆవిడ పళ్ళు కావాలి. రెండేళ్ళుగా మెతుకు పిసుక్కుని మింగుతోంది. మీరు టీ ఇస్తే మొహమాటానికి రెండుసార్లు దాని నోరు కొట్టాను."

మేనేజరు తల దించుకొనెను, ఆయనయు మనిషే. కాని లక్ష్యము? అప్పుడు కౌంటరమ్మాయి కంప్యూటరు వైపు చూచుచు దివ్యవాణి పలికెను.

"సార్, మన ఊళ్ళో ఉన్న ఒక్క పళ్ళ డాక్టరుగారి ఖాతా కూడా మన శాఖలోనే ఉంది. సొమ్ము ఎక్కడికీ పోదు. ఆయనకి డిపాజిట్ ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదా?" అని మేనేజరు కన్నులు మతాబులవలె వెలిగెను. టై బిగించి, బూట్లు ముడివైచి, డైరీలు చంకనిడి, క్షణములో రథసన్నద్ధుడై గుమ్మము చేరి, అలవాటు మానలేక వెనుదిరిగెను. "సార్, కనీసం ఈ పెన్ను స్టాండైనా తీసుకెళ్ళండి."

"వద్దు సార్. మా ఆవిడ నమిలేస్తానంది."

మూడు యేబదియారు నిమిషములకు, వరుసలో నిలుచుండియే, దారముతో కట్టిన కలముతో, బాబాయి సంతకము చేసెను. అమ్మాయి రబ్బరుస్టాంపు నెత్తి దబ్బున కొట్టెను. దుర్గము బ్రద్దలయ్యెను.

పన్నెండవ నాడు సెట్టు వచ్చెను. ఇల్లాలు అద్దము ముందు పైవరుస చూచుకొని, క్రిందివరుస చూచుకొని, ఆపిల్ పండు తీసి పరక్కున కొరికెను.

"పాపం, డాక్టరుగారిని మేనేజరు మూడేళ్ళకి కట్టేశాడట," అనెను బాబాయి. "టీ తాగించి మరీ."

ఆమె ఫక్కున నవ్వెను. అప్పుడు తెలిసెను ఆయనకు, ఈ రెండేండ్లు ఆమె నవ్వినప్పుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొనుచుండెనని. ఇన్నాళ్ళు చూడనైతినే అని సిగ్గుపడెను. కన్నులు తుడుచుకొని, ఆమె కొరికిన పండునే అందుకొని తానొక ముక్క కొరికెను.

కావున సకల జనులారా, తెలిసికొనుడు! ఆ మహాసంగ్రామమువలన దేశపు విస్తృత ద్రవ్యమున గవ్వంత హెచ్చు లేదు, గవ్వంత తగ్గు లేదు. పళ్ళు మాత్రము ఇరువది యెనిమిది పెరిగెను.