ఓడ ఎక్కేలోపు మాఫీ

"తాలూకా ప్రజలకు విజ్ఞప్తి. మన ప్రియతమ నాయకులు, పార్టీ తాలూకా ప్రెసిడెంటు జనాబ్ మజహర్ సాహెబ్ గారు ఓడలో హజ్ యాత్రకు బయలుదేరుచున్న సందర్భంగా, ఇంతవరకు తమ వల్ల ఎవరికి ఏ అన్యాయం జరిగియున్నను మాఫీ చేయవలసినదిగా కోరుచున్నారు. వేళలు ఉదయం పది నుండి సాయంత్రం అయిదు వరకు. శుక్రవారం సెలవు."

కామారెడ్డిలో అచ్చువేయించిన ఈ కరపత్రం ఎల్లారెడ్డి బజారులో నా చేతికి వచ్చినప్పుడు నేను పులకించిపోయాను. హజ్‌కు పోయేవాళ్ళు ఇంటింటికీ తిరిగి మాఫీ అడగడం మామూలే. అన్యాయం జరిగినవాళ్ళే వరుసలో వచ్చి మాఫీ చేసి పోయే ఏర్పాటు చేసిన నాయకుడు మాత్రం దేశంలో మరొకడు లేడు. ఈ మాటే మా పత్రికకు రాశాను. నేను కామారెడ్డి విలేకరిని.

మూడు రోజుల్లో పదకొండు వందల మంది మాఫీ చేశారు. ఆయన తమకేం చేశాడో గుర్తు రానివాళ్ళకు పార్టీ కార్యకర్త మైసన్న గుర్తు చేసి మరీ చేయించాడు. ఏ అన్యాయమూ జరగనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా ఒక మాఫీ చేసిపోయారు.

కుల్సుం బీ ఒక్కతే చేయలేదు.

భర్త పోయిన మనిషి. వయసు డెబ్బైకి దగ్గర. ఆస్తి అంటే బజారులో రెండు గదుల పెంకుటిల్లు. నాలుగేళ్ళ కింద ఎలక్షన్ ఆఫీసుకు పది రోజులు కావాలని మజహర్ సాబ్ అడిగితే తాళం తీసి ఇచ్చింది. ఎలక్షన్లు అయిపోయాయి. ప్రజాసేవ అయిపోలేదు. పార్టీ ఆఫీసు అక్కడే ఉండిపోయింది, ఆమె బీబీపేటలో చెల్లెలి ఇంటి వసారాలో ఉండిపోయింది. మాఫీల వరుస నడిచింది కూడా ఆ ఇంటి ముందే.

"ఖాలా, మాఫ్ చెయ్యి," అన్నాడు మజహర్ సాబ్, సొంత పిన్నమ్మను పిలిచినట్టు పిలిచి, చేతులు జోడించి. ఫోటో తీశారు.

"ఇల్లియ్యి బేటా, చేస్త."

"ఇల్లు వేరే సంగతి ఖాలా. అది పార్టీ నిర్ణయం."

అదే ఓడలో హజ్‌కు పోతున్న మాచారెడ్డి దర్జీ సత్తార్ సాబ్ అక్కడే ఉన్నాడు. ఆయనకు రాజకీయం తెలియదు. "సాబ్, ఒకరి సొమ్ము దగ్గర పెట్టుకొని మాఫీ అడిగితే చెల్లది. ఇచ్చేసి అడగాలె," అన్నాడు.

మామూలు నాయకుడైతే కోపం తెచ్చుకునేవాడు. మజహర్ సాబ్ ఒక్క నిమిషం ఆలోచించి, కుల్సుం బీకి కూడా బొంబాయి టికెట్టు తీయించాడు. "ఓడెక్కేలోపు ఖాలా మనసు మారుతది," అన్నాడు.

ఆయన మెడలో నలభై ఒక్క దండలు, వెంట మైసన్న, వార్తలు పంపడానికి నేను, అందరం కామారెడ్డిలో రైలెక్కాం. మన్మాడులో బండి మారి, మర్నాడు బొంబాయిలో దిగాం. ఓడకు ఇంకా మూడు రోజులుంది. సత్తార్ సాబ్ హాజీలుండే ముసాఫిర్‌ఖానాకు వెళ్ళాడు. మేం లాడ్జిలో దిగాం, ఎందుకంటే ప్రజానాయకుడికి నిద్ర అవసరం.

మొదటి రోజు ఆమెకు సముద్రం చూపించాడు.

"ఎట్లున్నది ఖాలా?"

"మస్తున్నది బేటా. నిజాంసాగర్ కన్న పెద్దగున్నది."

"మరి మాఫ్ చేస్తవా?"

"ఇల్లియ్యి."

రెండో రోజు రెండంతస్తుల బస్సులో పై అంతస్తున కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. జంతువుల తోటలో ఏనుగును చూపించాడు. ఏనుగు ఉండే గది చూసి ఆమె, "దీని ఇల్లు దీనికున్నది," అంది. కుట్టుమిషను ఇస్తానంటే, కళ్ళు కనిపించవంది. శాలువా కప్పితే, ఉక్కపోస్తున్నదని తీసి మైసన్నకు ఇచ్చింది. ఒక నాయకుడు ఒక సామాన్య స్త్రీ కోసం ఇంతగా తిరగడం నా పదేళ్ళ విలేకరి జీవితంలో చూడలేదు.

మూడో రోజు సాయంత్రం ఆయన పెద్ద నిర్ణయమే తీసుకున్నాడు. "ఖాలా, నిన్ను తాలూకా మహిళా విభాగానికి గౌరవాధ్యక్షురాలిగా చేస్తున్న."

"అంటే ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యద్దు. ఆఫీసుకొచ్చి కూసుండాలె."

"ఆఫీసు ఏడుంటది?"

"ఇప్పుడున్నకాడనే."

"రాత్రి గూడ ఆడనే పండుకోవచ్చునా?"

గౌరవాధ్యక్షురాలు ఆఫీసులో పడుకోవచ్చునా అన్న దాని మీద పార్టీ నియమావళిలో ఏమీ లేదని మైసన్న చెప్పాడు. ప్రతిపాదన వాయిదా పడింది.

నాలుగో రోజు పొద్దున రేవు కిటకిటలాడుతోంది. ఓడ రెండోసారి కూత పెట్టింది. సత్తార్ సాబ్ మెట్ల దగ్గర నిలబడి, "సాబ్, ఇచ్చేయిండ్రి. అల్లా ఇంటికి పోతున్నం, ఆమె ఇల్లు దాచిపెట్టుకొని ఏం మొకంతోని పోతరు?" అన్నాడు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు.

అప్పుడు మజహర్ సాబ్ షేర్వానీ జేబులో చెయ్యి పెట్టాడు. పట్టు రుమాలు తీశాడు. అందులో ఏదో చుట్టి, ముడివేసి, రెండు చేతులతో కుల్సుం బీ చేతిలో పెట్టాడు.

"ఇగో ఖాలా, తాళం చెవి. ఇల్లు నీదే. పార్టీ ఏమన్న అననీ."

ఆమె ముడి తడిమి చూసుకుంది. లోపల ఇనుము తగిలింది. "మాఫ్ చేసిన బేటా. చేసిన. చేసిన. పైలంగ పోయి రా," అని ఆయన తల నిమిరింది. సత్తార్ సాబ్ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. వెంటనే ట్రంకు కాల్ చేసి వార్త చదివాను.

తిరుగు రైల్లో ఆమె నిద్రపోలేదు. సున్నం వేయించాలంది. పొయ్యి తూర్పు మూలకు మార్చాలంది. "ఇగ ఒకల వసారల ముడుసుకొని పండే పని లేదు బిడ్డా. నా ఇంట్ల కాళ్ళు సాపుకొని పంట," అంది. రుమాలు విప్పి చూడమంటే, ఇంటి ముందే విప్పుతానని కొంగున కట్టుకుంది.

కామారెడ్డి నుంచి బస్సులో ఎల్లారెడ్డిలో దిగి నేరుగా ఆ ఇంటికే వెళ్ళాం. ఆమె బిస్మిల్లా అని ముడి విప్పి, చెవి తాళంలో పెట్టింది. దూరలేదు. తిప్పి పెట్టింది. దూరలేదు.

"తుప్పు పట్టినట్టున్నది అవ్వా," అని మైసన్న పక్క దుకాణంలో నూనె తెచ్చి పోశాడు. అయినా దూరలేదు.

"చెవికి బిళ్ళ ఉన్నది బిడ్డా. ఏమన్న రాసిన్రా, చూడు," అని నాకిచ్చింది.

ఇత్తడి బిళ్ళ మీద ఇంగ్లీషులో మేం దిగిన లాడ్జి పేరు ఉంది. దాని కింద, 'రూమ్ నంబరు 12. వెళ్ళేటప్పుడు మేనేజరుకు అప్పగించవలెను.'

చదివి చెప్పాను. ఓడ అప్పటికి అరేబియా సముద్రం నడిమధ్య ఉంది.

మైసన్న తన జేబులోంచి ఇంకో చెవి తీసి, తాళం తెరిచి, తలుపులు బార్లా తీశాడు. హాజీ సాబ్ స్వాగత సంఘం మొదటి మీటింగు ఆ సాయంత్రమే ఉందట.

"నువ్వు పేపర్ల రాసినవా బిడ్డా?" అంది కుల్సుం బీ.

నా సంచిలో ఆనాటి పత్రిక ఉంది. నాకు సిగ్గేసింది. అయినా తీసి చదివాను. 'ఇల్లు తిరిగి అందుకున్న వృద్ధురాలు. రేవులో కన్నీటి దృశ్యం.' ఆమె మొత్తం విన్నది. నా చేతిలోంచి పత్రిక తీసుకుంది. గడప మీద పరిచి, తలుపుకు అడ్డంగా కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

స్వాగత సంఘం సభ్యులు ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"కొంచెం జరుగు అవ్వా. లోపటికి పోవాలె," అన్నాడు మైసన్న.

"మాఫ్ చెయ్యి బిడ్డా," అంది ఆమె. జరగలేదు.