వార్డు దగ్గు

హాలిన్స్‌గేట్ వార్డుకు ఒక దగ్గు ఉండేది. అది వంతుల ప్రకారం ఇంటింటికీ తిరిగేది. ఇంగ్లండులో ఒక పెద్ద నగరం నడిబొడ్డున, మూతపడ్డ నూలు మిల్లుల వెనక, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఇటుక ఇళ్ల పేట అది. అక్కడ చెత్త డబ్బాలు బయటపెట్టే రోజు ఎంత మామూలో, దగ్గు చేతులు మారే రోజూ అంతే మామూలు. సోమవారం పొద్దున్నే, ఎవరి దగ్గరుందో వాళ్లు పక్కింటి తలుపు తట్టి, గుమ్మంలోనే నిలబడి గట్టిగా దగ్గి, "ఇక మీది" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. అక్కడితో వాళ్లకు తగ్గిపోయేది.

ఇందులో వింతేమీ లేదు. ఆ దేశంలో పేదరికం, జబ్బులు ఎక్కడెంతో చూసి వార్డులన్నిటినీ కష్టాల వరసలో నిలబెడతారు. వరసలో అట్టడుగున ఉంది కాబట్టే హాలిన్స్‌గేట్‌కు వీధి చివర ఒక క్లినిక్, అందులో కాన్పులు చేసే నర్సు, అప్పుడప్పుడు వచ్చి చూసే డాక్టరు దక్కారు. వార్డు ఒక్క మెట్టు పైకెక్కినా క్లినిక్ పోతుంది. అలాగని అందరూ మంచాన పడితే నగరంలో బస్సులు నడిపేదెవరు, ఆఫీసులు ఊడ్చేదెవరు? అందుకని నగర కౌన్సిల్ వాళ్లు బాగా ఆలోచించి వార్డు మొత్తానికి ఒకే దగ్గు మంజూరు చేశారు. మంచి నాణ్యమైన దగ్గు. లోతుగా, తడితడిగా, రోడ్డు దాకా వినపడేది. తనిఖీకి వచ్చినవాళ్లు అది ఏ ఇంట్లోదని అడిగేవాళ్లు కాదు. వార్డులో వినపడితే చాలు.

తణుకు నుంచి వచ్చిన అలేఖ్య ఆ వీధిలో కాపురం పెట్టి ఏడాదైంది. తను ముసలివాళ్ల సంరక్షణ గృహంలో పనిచేస్తుంది, భర్త భార్గవ్ సిటీ బస్సు నడుపుతాడు. ఆమెకు ఐదో నెల నడుస్తుండగా వంతు వచ్చింది. పక్కింటి వినిఫ్రెడ్, ఎప్పుడో జమైకా నుంచి వచ్చి ఈ వీధిలోనే ముసలిదైన మనిషి, తలుపు తట్టి నొచ్చుకుంది.

"కడుపుతో ఉన్నావు, నిన్ను వదిలేయమని కౌన్సిల్ వాళ్లను అడిగానమ్మా. గర్భిణులకు మినహాయింపు లేదన్నారు."

అంటూనే దగ్గి వెళ్లిపోయింది.

రెండు రోజులు అలేఖ్య బుద్ధిగానే దగ్గింది. మూడో నాడు దగ్గి దగ్గి కడుపు పట్టేసి, లోపల బిడ్డకేమవుతుందోనని భయమేసింది. మరో ఆలోచన లేకుండా మిరియాలు, శొంఠి దంచి, బెల్లంముక్క వేసి కషాయం కాచుకుని, వేడివేడిగా తాగి ముసుగుతన్ని పడుకుంది. తెల్లారేసరికి వార్డు దగ్గు నయమైపోయింది.

డ్యూటీ నుంచి వచ్చిన భార్గవ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటే, చప్పుడు లేదు? ఎవరికన్నా ముందే ఇచ్చేశావా?"

"తగ్గిపోయిందండీ."

"తగ్గిపోవడమేంటే! అదేమన్నా మనదా, తగ్గించుకోడానికి?"

"దగ్గొస్తే కషాయం తాగకుండా ఏం చేస్తారండీ? మా ఇంట్లో అందరం అదే తాగేవోళ్లం."

భార్గవ్ తల పట్టుకున్నాడు. "ఈ వీధిలో ఎన్ని దేశాలోళ్లున్నారు! అంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని దగ్గారు. నువ్వొక్కదానివే వైద్యం చేశావు."

వీధి మూగబోయింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గానీ, అందరూ క్లినిక్ ముందు నుంచి పోతూ దానివైపే చూస్తుంటే అలేఖ్యకు తల కొట్టేసినట్టుండేది.

త్వరలోనే కౌన్సిల్ నుంచి కార్ట్‌రైట్ అనే అధికారి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. టీ తాగి, కప్పు పక్కనపెట్టి, ఒకసారి దగ్గమన్నాడు. అలేఖ్య శక్తికొద్దీ దగ్గింది. ఆయన చెవి ఒగ్గి విని పెదవి విరిచాడు.

"ఇది గొంతులోంచి వస్తోందండి. మాకు ఛాతీలోంచి కావాలి."

"ఇంకొకటి మంజూరు చెయ్యలేరా?"

"కొత్త దగ్గులకు బడ్జెట్ లేదు. మీరే పెంచుకోవాలి. వెనక గదిలో చెమ్మ ఉందా?"

"ఉందండి. గోడంతా నల్లగా బూజు పట్టింది. ఇల్లు కౌన్సిల్‌దే కదా, బాగుచెయ్యమని మీకు ఎన్నిసార్లో చెప్పాం."

"ఇలాంటి అవసరాలుంటాయనే చెయ్యలేదండి," అన్నాడు కార్ట్‌రైట్ ఓపిగ్గా. "అక్కడ పడుకోండి. కిటికీ తీయకండి. వసంతంలో తనిఖీ. అప్పటికి దగ్గు లేకపోతే క్లినిక్ ఉండదు. నొప్పులొస్తే మీరు రెండు బస్సులు మారి వెళ్లాలి."

నొప్పులు పడుతూ రెండు బస్సులు! ఆ పూటే అలేఖ్య మంచం వెనక గదికి మార్పించింది. వీధంతా తలో చెయ్యి వేసింది. ఒకరు తడి దుప్పట్లు తెచ్చారు, ఒకరు కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. వినిఫ్రెడ్ రోజూ గోడ మీంచి తొంగిచూసి, "ఏమైనా వచ్చిందా?" అని ఆశగా అడిగేది. ఏమీ రాలేదు. కషాయం తాగి పెరిగిన ఒళ్లు మొండికేసింది. ఇంతమంది కోసం ఒక్క దగ్గు దగ్గలేకపోతున్నానని ఆమె భర్త దగ్గర వెక్కివెక్కి ఏడ్చింది.

తనిఖీ రోజునే నొప్పులొచ్చాయి. క్లినిక్ ఇంకా ఉంది కాబట్టి నడిచే వెళ్లింది. బయట వానలో వీధి జనం గొడుగులు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ల మధ్య కార్ట్‌రైట్ చేతి గడియారం చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. అంతలో పిల్ల దగ్గింది. లోతుగా, తడితడిగా, రోడ్డు దాకా వినపడేలా. బయట చప్పట్లు మోగాయి. నర్సు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా పిల్లను తుడిచి, "ఛాతీలోంచే," అని కిటికీలోంచి చెప్పింది.

కార్ట్‌రైట్ లోపలికొచ్చి టోపీ తీశాడు. "వార్డు తరఫున కృతజ్ఞతలండి. ఇక వంతులతో పనిలేదు. ఇది పాప దగ్గరే ఉంటుంది."

పిల్లను గుండెకు హత్తుకుని అలేఖ్య భోరున ఏడ్చింది. ఆమెను ఏడవనిచ్చి, "వచ్చే వారం తీసుకురండి, డాక్టరుగారు ఊపిరితిత్తులు చూస్తారు," అంది నర్సు.

అలేఖ్య కళ్లు తుడుచుకుంది. ఇంత దగ్గున్న పసిగుడ్డును చంకనేసుకుని రెండు బస్సులు మారే పని తప్పింది, క్లినిక్ ఇంటి దగ్గరే ఉంది. అది తలుచుకుంటే ఆమె మనసు నిజంగానే కుదుటపడింది.