నాన్నగారు పడ్డ గుర్రం

పొద్దున్నే పోలిష్ అనువాదకుణ్ణి పట్టుకోవడం, కాగితాలు ఒప్పజెప్పడం, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయడం. గుర్రాలాయన వేసుకున్న ప్లాను ఇంతే. పిల్లలు ఎక్కి ఊగే చెక్క గుర్రాలు చేసే వర్క్‌షాపు ఆయనది. ఆ గుర్రాలు బొమ్మలు కావు, కుర్చీలే అని పోలండ్ కస్టమ్స్‌ వాళ్ళు పేచీ పెట్టి, కుర్చీల పన్ను వేశారు. సాయంత్రంలోగా పోలిష్‌లో జవాబు వెళ్ళకపోతే పెద్ద ఆర్డరు పోయినట్టే, వర్క్‌షాపుకి తాళం పడినట్టే.

బావమరిది తీసుకొచ్చిన మనిషి "పోలిష్ నాకు మంచినీళ్ళ ప్రాయం" అంటూ కూర్చుని, సుంకాల చట్టం రెండు లైన్లు చదివి, "నాకు ప్రేమలేఖల వరకే వచ్చండీ" అని లేచిపోయాడు.

పదింటికి ఒకావిడ దొరికింది. ఇరవయ్యేళ్ళుగా పన్నుల చట్టాలే అనువదిస్తోందట. నాలుగో పేజీ చూస్తూనే, "మీ లాయరు రద్దయిపోయిన సెక్షను రాశాడు. ముందది మార్పించండి" అంది. గుర్రాలాయనకి ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది.

"ఒక్కమాట. కాగితం మీద ఏముంటే అది అనువదిస్తాను. స్టాంపు, సంతకం, వెనక రాత, ఏదీ వదలను."

"వదలకండి తల్లీ" అని, సెక్షను మార్పించి తెచ్చిన కట్ట చేతిలో పెట్టాడాయన.

మూడింటికల్లా ఆవిడ అనువాదాన్ని నేరుగా కస్టమ్స్‌కి పంపేసింది. ఆ కబురు ఇంట్లో చెప్పగానే భార్య అడిగింది.

"ఇన్వాయిస్ వెనక నేను రాసింది చూశారా?"

"ఏం రాశావు?"

"మామయ్యగారు ఆ గుర్రం మీద కూర్చోబోయి రెండుసార్లు పడ్డారు, అది కూర్చునే వస్తువు కాదు, హాల్లోంచి తీసేయండి అని. చెబితే వినరుగా మీరు."

గుర్రాలాయన వెంటనే అనువాదకురాలికి ఫోను చేశాడు.

"అదీ అనువదించారా?"

"చేతిరాత, నీలం ఇంకు అని బ్రాకెట్లో వేసి మరీ."

"నా కొంప ముంచారండీ."

"ముందే చెప్పాను కదండీ" అని ఆవిడ నింపాదిగా ఫోను పెట్టేసింది.

వారం రోజులు ఆయనకి అన్నం సహించలేదు. జవాబు వచ్చాక ఆవిడే చదివి వినిపించింది. "పెద్దమనిషి రెండుసార్లు ప్రయత్నించినా కూర్చోలేకపోయిన వస్తువును ఆసనంగా పరిగణించలేము. బొమ్మగానే అంగీకరిస్తున్నాము. మామగారు త్వరగా కోలుకోవాలి."

గుర్రాలాయనకి కళ్ళు చెమర్చాయి. లాయరు రాసిన పన్నెండు పేజీలు కాదు, ఆవిడ వదలని రెండు లైన్లే వర్క్‌షాపుని నిలబెట్టాయి. "మీలాంటి మనిషిని నేనింతవరకు చూళ్ళేదండీ" అన్నాడు మనస్ఫూర్తిగా.

ఇప్పుడు వర్క్‌షాపులో ఏ కొత్త బొమ్మ తయారైనా, ముందు నాన్నగారు దాని మీంచి పడి చూస్తున్నారు.