ఇంజను ఆపని అల్లుడు

కంబదూరులో బావమరిది కూతురికి చెవులు కుట్టే కార్యం. పొద్దున ఎనిమిదికల్లా మామ వీరప్పను కారులో ఎక్కించుకుని కల్యాణదుర్గం నుంచి బయలుదేరాలని ఓబుళేసు అనుకున్నాడు. మూడేళ్లుగా ఏ శుభకార్యానికైనా మామ కూర్చునేది అతని కారు ముందుసీటులోనే. ఆ కారు వయసు పద్దెనిమిదేళ్లు, ఓబుళేసు దానికి నాలుగో యజమాని. అయినా నలుగురిలో మామ అందులోంచి దిగుతుంటే పెద్దల్లుడి ఛాతీ రెండంగుళాలు పొంగేది.

పోయిన వారం చిన్నల్లుడు తిప్పేష్ కూడా కారు కొన్నాడు. అదీ పాతదే, కానీ నాలుగేళ్లదే. మీట నొక్కితే చాలు, స్టార్టవుతుంది. అది చూసినప్పటి నుంచి ఓబుళేసుకు అన్నం సయించలేదు. "కడుపుమంటకు మజ్జిగ తాగు, తగ్గుతాది," అని భార్య గంగాదేవి ఎగతాళి చేసి, ముందురోజే తల్లితో కలిసి బస్సులో కంబదూరు వెళ్లిపోయింది.

ఓబుళేసు కారు నలుగురు తోస్తే గాని స్టార్టు కాదు. తిప్పేష్ ఎదుట తోయించుకోవడం కన్నా చావు నయం అనుకుని, ఆరింటికే తన వీధిలో తోయించుకుని, ఇంజను ఆపకుండానే మామ ఇంటి ముందు నిలబెట్టాడు. మామ అప్పుడే తలకు ఆముదం పట్టిస్తున్నాడు. ఆయన తలస్నానం రెండు గంటల పని.

కాసేపటికి తిప్పేష్ తన కారులో వచ్చి దిగాడు.

"ఏమన్నా, ఇంజను ఆపవా?"

"మామ వస్తానే పోవాల గదప్పా," అన్నాడు ఓబుళేసు, మొహం తిప్పుకుని.

వాకిట్లో కారు ఆగకుండా గుర్రుమంటోందంటే ఆ వీధికి ఒకటే అర్థం. లోపల ఎవరికో ప్రాణం మీదికొచ్చింది, ఆస్పత్రికి తీసుకుపోతున్నారు. ఎదురింటి సిద్దమ్మ చేతిలో చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

"వీరప్పన్నకు ఏమాయ నాయనా?"

"ఏం కాలేదక్కా. స్నానం చేస్తాండాడు."

"మరి ఇంజను ఎందుకు ఆపలేదు?"

తిప్పేష్ పక్కనే ఉన్నాడు. "ఊరికే," అన్నాడు ఓబుళేసు తలొంచుకుని.

"దాచిపెడ్తాండాడు పాపం!" అని సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అరగంటలో వీధంతా వాకిట్లో ఉంది. నోళ్లు మారేసరికి వీరప్ప పోయాడనే అయింది; ఎవరో కంబదూరుకు ఫోన్ చేశారు. అక్కడ చెవులు కుట్టే ఏర్పాట్లు ఆపేసి అత్త ఏడుపు మొదలుపెట్టింది. పొలం గట్టు తగాదాతో పదేళ్లుగా మాటల్లేని తిమ్మన్న పూలదండతో వచ్చి, "ఒక్క మాటన్నా మాట్లాడకనే పోతివే వీరప్పా!" అని అరుగు మీద కూలబడ్డాడు. నిజం చెప్పేద్దామని ఓబుళేసు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ తిప్పేష్ కారు ఎండలో ధగధగలాడింది. మూసుకున్నాడు.

అంతలో వీరప్ప తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఏడుపులు టక్కున ఆగిపోయాయి.

"ఎవుర్రా పోయింది?"

"నువ్వే," అన్నాడు తిమ్మన్న, కళ్లు ఒత్తుకుంటూ.

ఇక తిట్లు తప్పవని ఓబుళేసు బిక్కచచ్చిపోయాడు. వీరప్ప మాత్రం జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా చూశాడు.

"నేను పోతే ఇంతమంది వస్తారని తెలవకపాయె. తిమ్మన్న గూడా వచ్చినాడే! అంతా మా పెద్దల్లుని పుణ్యం. కంబదూరుకు ఫోన్ చేసి, వస్తాండానని చెప్పండి," అంటూ పోయి ఓబుళేసు కారు ముందుసీటులో కూర్చున్నాడు. తిప్పేష్ మొహం మాడిపోయింది. వారంలో మొదటిసారి ఓబుళేసుకు ఆకలేసింది.

సరిగ్గా అప్పుడే, పొద్దుటి నుంచి తిరిగీ తిరిగీ కాగిపోయిన ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. ఏడవడానికి వచ్చినవాళ్లంతా కలిసి తోశారు. కదిలింది గాని స్టార్టు కాలేదు.

"దిగి నా కార్లోకి రా మామా," అన్నాడు తిప్పేష్ ఆశగా.

"ఎక్కిన బండి దిగితే మంచిది కాదప్పా. నీ బండికి తాడు కట్టి లాగు," అన్నాడు వీరప్ప.

ముందుసీటులో మామ దర్జాగా కూర్చుని దారిన పోయేవాళ్లకు చెయ్యి ఊపుతుంటే, తిప్పేష్ అద్దంలో అదే చూస్తూ పళ్లు కొరుకుతూ లాగాడు. కొన్న తర్వాత తొలిసారిగా ఓబుళేసు కారు దారిలో ఎక్కడా ఆగకుండా కంబదూరు చేరింది.