కొత్త కారు మాట ముందెవరనాలి?

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. ఏ వస్తువైనా కొందామని ముందు ఎవరంటే, అది మొరాయించిన ప్రతిసారీ మాటలు పడాల్సింది వాళ్ళే. ఈ చట్టం చేసింది నేనే. సోఫా కొందామన్నది మా ఆవిడ కాబట్టి అప్పట్లో అది నాకు చాలా న్యాయంగా తోచింది. సోఫాలోంచి లేచినప్పుడల్లా నడుం పట్టుకుని ఆవిడ వంక ఒక చూపు చూసేవాణ్ణి.

తర్వాత నేనే నోరు జారి వాషింగ్ మెషీన్ కొందామన్నాను. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ మేజోళ్ళలో ఒకటి కనబడకపోతే "మీ మెషీన్‌నే అడగండి" అంటుంది. వాషింగ్ మెషీన్‌కే ఇంత శిక్ష అయితే కారుకెంతో మీరే ఊహించుకోండి.

మా కారుకి పదిహేడేళ్ళు. ఇంట్లో దాన్ని పెద్దాయన అంటాం. సిగ్నల్ దగ్గర మేం ఆగితే పెద్దాయన ఇంజను కూడా ఆపేస్తాడు. వెనక కుడి తలుపు లోపల్నించి తీస్తేనే వస్తుంది. వైపర్లు ఎండాకాలంలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నా ఉద్యోగమేమో మందుల గోడౌన్లో. రోజంతా గడువు తీరిన మందులు ఏరి అవతల పారేయించి, సాయంత్రం ఆ కారెక్కి ఇంటికొస్తాను.

ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాం. కానీ ఇప్పుడు మా అమ్మాయికి తొమ్మిదో నెల. అల్లుడు ఓడలో ఇంజనీరు, ఎక్కడో నీళ్ళ మీద ఉన్నాడు, అందుకని పిల్ల మా దగ్గరే ఉంది. ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో ఏడు సిగ్నళ్ళు. నొప్పులు పడుతున్న పిల్లని వెనక కూర్చోబెట్టుకుని ఏ సిగ్నల్ దగ్గర ఆగిపోతానో అన్న బెంగతో నాకు ముద్ద దిగడం లేదు.

టాక్సీ ఉంది కదా అంటారేమో. అదీ అని చూశాను. "ఇంట్లో కారు పెట్టుకుని టాక్సీ ఏమిటండీ, కారు బాగాలేదా?" అంది మా ఆవిడ. ఆవిడ లెక్కల టీచరు. అవతలివాడి చేత జవాబు చెప్పించడం ఆవిడ వృత్తి. నేను మాట మార్చేశాను.

ఇక ఉండబట్టలేక, మధ్యాహ్నం భోజనాల వేళ గడియారం చూసుకుంటూ ఇంటి దగ్గర్నుంచి ఆసుపత్రిదాకా ఒంటరిగా రిహార్సల్ మొదలుపెట్టాను. మొదటిసారి మూడు చోట్ల ఆగింది. రెండోసారి నాలుగు చోట్ల. మూడోసారి ఏకంగా ఆసుపత్రి గేటులోనే ఆగిపోతే, కాపలా ఆయన పరిగెత్తుకొచ్చి పేషెంటు ఎవరని అడిగాడు. నేను కారు చూపించాను.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూ నెమ్మదిగా కదిపాను.

"పెద్దాయన ఈమధ్య మరీ దగ్గుతున్నాడు."

"వయసు కదండీ. మీరూ దగ్గుతున్నారు. మార్చేశామా?"

"అదికాదు, అమ్మాయికి అవసరం పడితే..."

"పడితే?"

"ఏమైనా చేద్దామా అని."

"ఏం చేద్దామంటారు?"

"నువ్వేమంటావు?"

"మీరేమంటే అదే."

లోపలి గదిలోంచి మా అమ్మాయి, "ఎవరో ఒకరు ఏదో ఒకటి అనండి. నాకట్టే టైం లేదు" అంది.

ఇలా లాభం లేదని మర్నాడు మా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. అతన్ని అందరూ స్పానరు అంటారు. షెడ్డు మా సందు చివరే.

"నువ్వు అబద్ధమేమీ చెప్పక్కర్లేదయ్యా. మా ఇంటికొచ్చి, కారు చూసి, మా ఆవిడ ముందు నిజం చెప్పు. అంతే" అన్నాను. మనిషి చేత నిజం చెప్పించడానికి బతిమాలుకోవడం నాకదే మొదటిసారి.

ఆదివారం వచ్చాడు. బానెట్ ఎత్తాడు. ఇంజను స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విన్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. స్పానరు చేతులు తుడుచుకుని, "ఇంకో పదేళ్ళు ఢోకా లేదమ్మా. ఇలాంటి ఇంజను ఇప్పుడు రమ్మన్నా రాదు" అన్నాడు.

"సరిగ్గా చూశావా?" అన్నాను.

"చూశాను సార్. కారు బానే ఉంది. సార్‌కే కాస్త రెస్టు కావాలి."

మా ఆవిడ అతనికి కాఫీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టింది. నాకు కాఫీ కూడా రాలేదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే, పదేళ్ళు నడిచే కారుని మూలపడేసిన మహానుభావుడినవుతాను. తెరవకపోతే పిల్ల గతేమిటి? ఏడు సిగ్నళ్ళూ పగలే కళ్ళ ముందు ఎర్రగా వెలగడం మొదలెట్టాయి.

అందుకని ఆఖరి ఎత్తు వేశాను. తర్వాతి శనివారం నాకు సెలవు, ఆవిడకి బడి ఉంది. పొద్దున్నే వెళ్ళి బ్యాటరీ వైరు బిగించే నట్టు ఊడదీసి జేబులో వేసుకున్నాను. కారు కదలదు, బడికి ఆలస్యమవుతుంది, విసుగు పుట్టి ఆవిడే ఆ మాట అంటుంది. అనగానే నట్టు బిగించేస్తాను. మొత్తం పది నిమిషాల పని.

మా ఆవిడ వచ్చి కూర్చుంది. నేను తాళం తిప్పాను. చప్పుడు లేదు.

"కదలదా? పోన్లెండి, బస్సుంది" అని దిగి, సంచి భుజాన వేసుకుని చక్కా పోయింది.

ఆవిడ సందు మలుపు కూడా తిరగలేదు. అమ్మాయి వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. "నాన్నా, మొదలైనట్టుంది. అమ్మని పిలువు."

పిలిచాను. సందంతా వినబడేలా పిలిచాను. తర్వాత బానెట్ ఎత్తి, జేబులోంచి నట్టు తీసి, కంగారుగా పెట్టబోయాను. జారింది. లోపలెక్కడో టంగుమంది. కిందికి మాత్రం రాలేదు. కారు కిందికి దూరి చూశాను. ఎక్కడా లేదు. ఈ ప్రపంచంలో నాలాంటి తండ్రి ఇంకొకడుండడని, కారు కింద వెల్లకిలా పడుకుని ఏడుపొచ్చింది.

మా ఆవిడ చెప్పులు వచ్చి నా తల పక్కన ఆగాయి.

"ఏమిటండీ ఇది?"

"నట్టు నేనే తీశాను. ఇప్పుడు దొరకడం లేదు. కొత్త కారు కొందాం. నేనే అంటున్నాను."

"సరిగ్గా వినబడలేదు."

"కొత్త కారు కొందాం! ముందు అన్నది నేనే!" అని కేక పెట్టాను. పై వాటా వాళ్ళు కిటికీలు తెరిచారు.

"విన్నావుటే అమ్మాయీ?"

"విన్నానమ్మా. తొందరగా కానివ్వండి."

మా ఆవిడ ఫోన్ తీసి "తీసుకురా" అంది. అంతే. నేను కారు కిందినుంచి పూర్తిగా బయటికి రాకముందే, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని నీలం కారొకటి వచ్చి గేటు ముందు ఆగింది. నడుపుతున్నది స్పానరు. పది రోజులుగా అది అతని షెడ్డులో పట్టా కప్పుకుని ఉందట. ఆదివారం ఢోకా లేదనమనీ, రాత్రింబవళ్ళు షెడ్డు వదిలి కదలొద్దనీ అతనికి మా ఆవిడ ఆర్డరట.

ఏడు సిగ్నళ్ళు. ఇంజను ఒక్కచోటా ఆగలేదు. ప్రతిచోటా నా గుండె మాత్రం ఆగింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాక అడిగాను, "ఎప్పుడు కొన్నావు?"

"మీరు మూడోసారి ఇక్కడికి వచ్చివెళ్ళిన రోజు. గేటు దగ్గర కాపలా ఆయన కూతురు మా బళ్ళోనే చదువుతుంది, ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఇంత భయపడుతున్న మనిషి నోరు తెరిచి ఒక్క మాట అంటాడేమోనని అప్పట్నుంచీ చూస్తున్నా."

సిగ్గేసింది. అయినా బుద్ధి ఊరుకోదు కదా. "అయితే కొన్నది నువ్వే. రేపు దానికేమైనా అయితే మరి..."

"కొన్నది నేనే. అన్నది మీరు. చట్టంలో కొన్నవాళ్ళని ఉందా, అన్నవాళ్ళని ఉందా?"

లెక్క తేలిపోయినట్టు ఆవిడే తల ఊపింది.

అప్పుడే తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. "తల్లీ బిడ్డా బాగున్నారు. ఆడపిల్ల. ముందెవరు ఎత్తుకుంటారు?"

"నేను" అన్నాను. ఏ ఎత్తూ లేకుండా, దానంతటదే వచ్చేసింది.

చేతుల్లో పెట్టగానే పిల్ల గుక్కపట్టింది. జోకొట్టాను, వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాను, ఆగలేదు. దీనంగా మా ఆవిడ వంక చూశాను. ఆవిడ చేతులు కట్టుకుని, "పట్టుకోండి, ముందన్నది మీరేగా" అంది.

అంది గానీ, నేను తన ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ చేతులు విడివడి ముందుకొస్తున్నాయి. నేను చూడనట్టు నటించి ఇంకో చుట్టు తిరిగాను.