చంక గుండ్రానికి ఆప్షన్ బి

జాకెట్ కుట్టడం నేర్చుకోవాలంటే బట్ట, కత్తెర, కుట్టుమిషను ఉండాలని ఇంకా నమ్మేవాళ్ళు మన మధ్య ఉన్నారు. పాపం, అమాయకులు! ఒక ఫోను, అందులో కాస్త చార్జింగు, ఒక బొటనవేలు ఉంటే చాలని బోధన్‌లో ఎప్పుడో రుజువైపోయింది. రుజువు చేసిన మహాతల్లి పేరు స్నేహలత.

బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఆమె ఏళ్ళ తరబడి టైలరింగ్ నేర్పుతోంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్ళు. ఆమె పద్ధతి పరమ మొరటు. ముందు పాత పేపరు మీద కత్తిరించాలి, తర్వాత పాత చీర మీద. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టాలి. చప్పట్లు లేవు, బహుమతులు లేవు! సగంమంది నెల తిరగకుండానే మళ్ళీ బీడీల చాట ముందేసుకునేవారు. వెళ్ళిపోయిన ఒక్కొక్కరినీ తలుచుకుని స్నేహలత బాధపడేది.

ఆ బాధ తీర్చడానికి నిజామాబాద్ నుంచి ప్రేమ్ దిగాడు. షెడ్డుకు మిషన్లు ఇప్పించిన సంస్థలో అతను ఆన్‌లైన్ కోర్సుల నిపుణుడు. కుట్టుపనితో అతనికున్న చుట్టరికం చొక్కా గుండీల వరకే.

“అక్కా, మీ క్లాసుల ఎంగేజ్‌మెంట్ లేదు,” అన్నాడు.

“ఎవల ఎంగేజ్‌మెంట్ తమ్మీ?” అంది స్నేహలత, కత్తెర ఆపి.

అతను ఓపిగ్గా వివరించాడు. పాఠం నిమిషంన్నర దాటకూడదు. నేర్చుకునేవాళ్ళు ఏది నొక్కినా ఏదో ఒకటి మెరవాలి. తప్పు చేస్తే తప్పని చెప్పకూడదు, మనసు నొచ్చుకుంటుంది. ఒక హీరోయిన్ ఉండాలి. స్నేహలతకు అంతా కొత్తగా, హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళూ మనసులు నొప్పించడమే పనిగా పెట్టుకున్నానా అనుకుంది.

హీరోయిన్‌గా కిరీటం పెట్టుకున్న సూదిని గీయించారు. పేరు సూదిరాణి. దారం ఎక్కించినా డాన్సే, ఎక్కించకపోయినా డాన్సే. తెర మీద చెయ్యి ముక్కను వేలితో జరిపి భుజానికి ఆనిస్తే చాలు, జాకెట్ తయారు, మీద నక్షత్రాల వాన! మిషను తొక్కక్కర్లేదు, నడుం నొప్పి లేదు. ఇంతకంటే వరం ఏం కావాలి?

ఒక్క చోట మాత్రం బండి ఆగింది. చంక పాఠం. చెయ్యి వచ్చి భుజంతో కలిసే ఆ గుండ్రం ఎంత లోతు కొయ్యాలో స్నేహలత నలభై నిమిషాలు చెప్పింది. జనం సరిగ్గా అక్కడే జారుకుంటున్నారని ప్రేమ్ గీతలు గీసి చూపించాడు.

“గా పాఠం తీసేద్దాం అక్కా.”

“తీసేస్తే జాకెట్ ఎట్లొస్తది తమ్మీ?”

“ఒక క్విజ్ పెడ్దాం. మూడు బొమ్మలు. కరెక్టుది నొక్కితే బెలూన్లు!”

ఆమె మనసు కాసేపు పీకింది. కానీ ఆ మార్పు తర్వాత జారుకునేవాళ్ళే లేకుండాపోయారు. కోటగిరి నుంచి మెండోర దాకా ఆడవాళ్ళంతా కోర్సు పూర్తి చేసి బంగారు కిరీటాలు గెలుస్తుంటే పీకే మనసు ఎంతసేపు పీకుతుంది? అందరికంటే పైన నిలిచింది బోధన్ సవిత. బీడీలు చుట్టి చుట్టి చురుకెక్కిన వేళ్ళు. ఆమెతో పోటీ పడగల ఫోను జిల్లాలో లేదు.

జిల్లాలో మేటి కోర్సుగా సన్మానం ప్రకటించారు. నిజామాబాద్‌లో ఫంక్షన్ హాలు. స్నేహలత కొలత జాకెట్ పెట్టుకుని సవిత స్వయంగా కొత్త జాకెట్ కుట్టి తెచ్చింది. స్టేజీ మీద అదే వేసుకోవాలని ప్రేమ్ పట్టుబట్టాడు. వెనక గదిలో ఇద్దరు ఆడవాళ్ళు సాయం పడితే, ఊపిరి బిగబట్టి వేసుకుంది. హుక్కులు పడ్డాయి. చేతులే మోచేతి ఎత్తు దాటి లేవడం లేదు.

ముఖ్య అతిథి జ్ఞాపిక చాచాడు. స్నేహలత చేతులు నడుం దగ్గరే ఉండిపోయాయి. “ఎంత వినయమమ్మా!” అని ఆయన కరిగిపోయి తానే వంగి అందించాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల హుషారులో ఆమె ఒక్కసారి నమస్కారం పెట్టబోయింది. పర్రున ఏదో చినిగింది. అదృష్టం, అప్పుడే శాలువా కప్పారు!

వెనక గదికి వచ్చాక సవితను పిలిచింది.

“చంక గుండ్రం ఎట్ల కోసినవే?”

“ఆప్షన్ బి అక్కా.”

“ఏంది?”

“మూడు బొమ్మలొస్తయి గదా. బి నొక్కితే బెలూన్లు పేలినయి. గట్లనే కోసిన. లోతెంతో బొమ్మల లేదు.”

“ఇంతకుముందు ఎన్ని కుట్టినవ్?”

“మస్తు కుట్టిన, ఫోన్ల. బట్ట మీద గిదే మొదటిది.” అంతలో సవిత చూపు చినిగిన చంక మీద పడింది. ముఖం పాలిపోయింది. “అక్కా, కోటగిరి పెండ్లిపిల్ల జాకెట్లు ఒప్పుకున్న. పట్టుబట్టలు ఇంట్ల ఉన్నయి. బీడీల పనికి రానని కూడ చెప్పొచ్చిన. ఇగ నేనెట్ల?”

స్నేహలత చినిగిన చంకను చేత్తో తడుముకుంది. ఆ నలభై నిమిషాలు తీసేయడానికి తల ఊపింది తనే కదా.

ప్రేమ్ ఉరుక్కుంటూ వచ్చాడు. “అక్కా, సూపర్! గీ చినిగింది కూడ మంచి మాడ్యూల్ అయితది. వీడియో తీద్దాం, లాస్టుకు క్విజ్!”

“తీద్దువు గని, ముందు బయటికి నడువు. జాకెట్ మార్చుకోవాలె,” అంది స్నేహలత.

తర్వాత జరిగింది చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఏ నిపుణుడూ క్షమించడు. మర్నాడు పొద్దున్నే స్నేహలత సవితను షెడ్డులో కూర్చోబెట్టి పాత పేపర్లు ముందేసింది. చంక గీయించింది, కోయించింది, తప్పంటే తప్పని మొహం మీదే చెప్పింది. మనసు నొచ్చుకుందో లేదో కనుక్కోలేదు. పేపర్లయ్యాక పాత చీరలు. మధ్యాహ్నానికి సవిత నోరు బార్లా తెరిచి ఆవులించింది.

“బోర్ కొడ్తుంది అక్కా.”

“కొట్టనీ. కత్తెర ఆపకు.”

ఇంత నీరసమైన శిక్షణకు ఎవరైనా జ్ఞాపిక ఇస్తారా? ఇవ్వలేదు. పెళ్ళి పిలుపు మాత్రం వచ్చింది.

కోటగిరిలో పెళ్ళికూతురు రెండు చేతులూ బారుగా పైకెత్తి పెళ్ళికొడుకు నెత్తిన తలంబ్రాలు గుమ్మరించింది. జనమంతా ఆమె ముఖంలోని కళ చూస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న స్నేహలత, సవిత మాత్రం ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని, కళ్ళార్పకుండా, పెళ్ళికూతురి చంకల వైపే చూస్తూ ఉండిపోయారు.